దోశీ బడి, దోశీ ఆఫీసు

ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పేవారు సొంతంగా భవనాలు కూడా రూపొందించాలా, అలా చేస్తే తరగతికి లాభమా నష్టమా అన్న చర్చ పాతదే. పంతొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో ఎకోల్ దె బోజార్ అనే కళాశాల విద్యార్థులు డిజైన్ నేర్చుకున్నది వృత్తిలో ఉన్న ఆర్కిటెక్టుల అటెలియేలలోనే, అంటే వాళ్ల పనిశాలల్లోనే. 1919లో జర్మనీలోని వైమార్‌లో ఆర్కిటెక్టు వాల్టర్ గ్రోపియస్ నెలకొల్పిన బౌహౌస్ అనే డిజైన్ బడి ఏకంగా పనిశాలనే తరగతి చేసింది. మన దేశంలో మాత్రం ఈ చర్చ ఎక్కడ మొదలైనా ఆర్కిటెక్టు బాలకృష్ణ దోశీ పేరు రాక మానదు.

1927లో పుణెలో పుట్టిన దోశీ, పారిస్‌లో ప్రఖ్యాత ఆర్కిటెక్టు ల కొర్బూజియే దగ్గర కొన్నేళ్లు పనిచేసి, ఆయన భవనాల నిర్మాణాన్ని పర్యవేక్షించేందుకు 1954లో అహ్మదాబాద్ చేరారు. 1956లో సొంత ఆఫీసు తెరిచారు. 1962లో ఆర్కిటెక్చర్ స్కూలు స్థాపించారు. నేటి సెప్ట్ విశ్వవిద్యాలయానికి మూలం అదే. ఆ ఊళ్లోనే ఐఐఎంకు రూపమిచ్చిన అమెరికన్ ఆర్కిటెక్టు లూయీ కాన్ కూడా పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూనే భవనాలు కట్టినవారు.

స్కూలు భవనాన్ని దోశీయే గీశారు. పూత లేని ఇటుక గోడలు, కాంక్రీటు, ఉత్తరపు వెలుతురును స్టూడియోల్లోకి దించే ఏటవాలు కప్పులు. కింది అంతస్తు చాలావరకు గోడలు లేకుండా తెరిచే ఉంటుంది కాబట్టి, ఎండ సోకని ఆ నీడలో ఎవరైనా కూర్చోవచ్చు, పక్కవాడి డ్రాయింగు మీద వాదించవచ్చు. ఏ సిలబస్‌లోనూ లేని పాఠం ఆ నేలమీదే జరిగిందని నాకనిపిస్తుంది. 1980లో పూర్తయిన ఆయన ఆఫీసు సంగత్‌దీ ఇదే తీరు: సగం భూమిలోకి దిగిన గదులు, ఎండను తిప్పికొట్టేలా తెల్లటి పింగాణీ పెంకులు పరిచిన కమాను కప్పులు.

ఇండోర్ సమీపంలో దోశీ రూపొందించిన అరణ్య కాలనీలో ఈ ధోరణి మరింత ముందుకు వెళ్లింది. అక్కడ పేద కుటుంబాలకు పూర్తయిన ఇల్లు ఇవ్వలేదు. స్థలం, పునాది, మరుగుదొడ్డి వంటి కనీస వసతులిచ్చి, మిగతాది చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా కట్టుకోమన్నారు. ఎలా పెంచుకోవచ్చో చూపేందుకు 80 నమూనా ఇళ్లు కట్టారు. ఉపాధ్యాయుడు ఉదాహరణ చూపి, లెక్క విద్యార్థికి వదిలేసినట్టే ఉంటుందిది.

2018లో ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతంగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 2023 జనవరిలో కన్నుమూశారు. అయితే దోశీని ఉదాహరణగా చూపేవారు ఆయనకు దొరికిన ఊరిని మరచిపోతుంటారు. కొత్త తరహా కట్టడాలకు డబ్బు పెట్టడానికి వెనుకాడని మిల్లు యజమానులు, విద్యాసంస్థలను తలకెత్తుకున్న కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ వంటివారు అప్పటి అహ్మదాబాద్‌లో ఉన్నారు.