పుట్టిన నేలే పౌరసత్వం: అమెరికా 14వ సవరణ వెనుక కథ

డొనాల్డ్ ట్రంప్ రెండోసారి అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన 2025 జనవరి 20నే సంతకం పెట్టిన ఉత్తర్వుల్లో ఒకటి అక్కడి తెలుగు కుటుంబాల్లో పెద్ద కలవరం రేపింది. తల్లి అమెరికాలో అక్రమంగా ఉన్నా, చట్టబద్ధంగానే అయినా తాత్కాలిక వీసా మీద ఉన్నా, తండ్రికి పౌరసత్వంగానీ గ్రీన్‌కార్డుగానీ లేకపోతే, ఆ దంపతులకు అమెరికాలో పుట్టే బిడ్డను ఆ దేశ పౌరుడిగా గుర్తించరాదన్నది దాని సారాంశం. జన్మతః పౌరసత్వంపై గొడవ సరిహద్దు దాటి వచ్చేవారి గురించే అని అప్పటిదాకా అనుకున్నవాళ్లకు, తాత్కాలిక వీసా అన్న మాటలో ఉద్యోగుల హెచ్‌-1బీ, విద్యార్థుల ఎఫ్‌-1 కూడా ఉన్నాయని అప్పుడే తెలిసింది.

ఈ వివాదమంతా 1868లో రాజ్యాంగంలో చేరిన ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతోంది. అమెరికాలో పుట్టిన, లేదా అక్కడ పౌరసత్వం పొందిన, ఆ దేశ అధికార పరిధికి లోబడిన వ్యక్తులందరూ అమెరికా పౌరులని, తాము నివసించే రాష్ట్ర పౌరులని 14వ సవరణ మొదటి వాక్యం చెబుతుంది. ‘అధికార పరిధికి లోబడిన’ అన్న మాటలకు ఎంత బరువు ఇవ్వాలన్నదే ఇప్పటి వాదన. ఆ మాటలు ఎవరు రాశారో, ఏం చూసి రాశారో తెలిస్తేనే ఆ బరువు అర్థమవుతుంది.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవారు పౌరుడు అన్న పదాన్ని చాలాచోట్ల వాడారు. అధ్యక్షుడయ్యే వ్యక్తి పుట్టుకతోనే పౌరుడై ఉండాలని కూడా షరతు పెట్టారు. కానీ పౌరుడంటే ఎవరో మాత్రం ఎక్కడా నిర్వచించలేదు. 1790 నాటి మొదటి జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో సుమారు 39 లక్షల మంది ఉంటే, అందులో దాదాపు 7 లక్షల మంది బానిసలు. ఆ లెక్క ఎదురుగా ఉండగా పౌరుడికి నిర్వచనం ఇవ్వడమంటే, దేశం పుట్టకముందే చీలిపోయేంత ప్రశ్నను నెత్తికెత్తుకోవడమే. రాజు ఏలే గడ్డ మీద పుట్టిన బిడ్డ రాజు ప్రజే అన్న పాత ఇంగ్లిష్ న్యాయసూత్రం తెల్లవారి పిల్లల విషయంలో యథాతథంగా కొనసాగింది. బయటి నుంచి వచ్చి పౌరసత్వం కోరేవారు ‘స్వేచ్ఛ కలిగిన శ్వేతజాతీయులు’ అయి ఉండాలని 1790 నాటి చట్టం తేల్చిచెప్పింది. అక్కడే పుట్టిన నల్లజాతి బిడ్డ ఏమవుతాడన్న ప్రశ్నకు మాత్రం డెబ్బై ఏళ్లు జవాబు లేదు.

ఆ జవాబును బలవంతంగా బయటికి లాగినవాడు డ్రెడ్ స్కాట్ అనే బానిస. మిస్సోరీ రాష్ట్రంలో సైనిక వైద్యుడిగా ఉన్న అతని యజమాని, బానిసత్వం నిషిద్ధమైన ఇల్లినాయిస్‌కు, తర్వాత ఇప్పటి మిన్నెసోటాలో ఉన్న ఫోర్ట్ స్నెల్లింగ్‌కు అతన్ని వెంట తీసుకెళ్లాడు. స్కాట్ అక్కడే హారియెట్‌ను పెళ్లాడాడు. పెద్దకూతురు ఎలైజా, మిసిసిపీ నది మీద వెళుతున్న ఆవిరి పడవలో, మిస్సోరీ హద్దుకు ఉత్తరాన పుట్టింది. స్వేచ్ఛాభూమిలో ఏళ్ల తరబడి ఉన్నాం కాబట్టి తాము బానిసలం కామంటూ ఆ దంపతులు 1846లో సెయింట్ లూయిస్ కోర్టులో దావా వేశారు. ఒకసారి ఓడి, 1850లో గెలిచి, 1852లో రాష్ట్ర సుప్రీంకోర్టులో మళ్లీ ఓడి, చివరకు దేశ సుప్రీంకోర్టు గడప తొక్కారు.

1857 మార్చి 6న ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ 7-2 మెజారిటీ తీర్పు చదివారు. బానిసగానీ, స్వేచ్ఛ పొందినవాడుగానీ, ఆఫ్రికా నుంచి తెచ్చినవారి వంశంలో పుట్టిన ఏ మనిషీ అమెరికా పౌరుడు కాలేడని, కాబట్టి దావా వేసే అర్హతే స్కాట్‌కు లేదని ఆయన అన్నారు. రాజ్యాంగం నాటికి తెల్లవాడు మన్నించి తీరాల్సిన హక్కు ఏదీ నల్లవాడికి లేదని రాసిన ఆ తీర్పును ఈ రోజు చదివినా గుండె భగ్గుమంటుంది. భిన్నాభిప్రాయం రాసిన బెంజమిన్ కర్టిస్, తొలినాళ్లలోనే అయిదు రాష్ట్రాల్లో స్వేచ్ఛ పొందిన నల్లజాతీయులు ఓటు వేశారని పేర్లతో సహా చూపించి, ఆ ఏడాదే పదవికి రాజీనామా చేశారు. తీర్పు తర్వాత మూడు నెలలైనా గడవకముందే పాత యజమాని కుటుంబీకుడొకరు స్కాట్ దంపతులను కొని విడుదల చేశారు. స్కాట్ సెయింట్ లూయిస్‌లోని ఒక హోటల్లో సామాను మోసే పనిలో చేరాడు. 1858 సెప్టెంబరులో క్షయతో చనిపోయాడు. స్వేచ్ఛగా బతికింది ఏడాదిన్నర కూడా లేదు.

తర్వాత ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య వచ్చిన అంతర్యుద్ధం గురించి ఇక్కడ విస్తరించనక్కర్లేదు. 1861లో మొదలై నాలుగేళ్లు సాగిన ఆ యుద్ధంలో ఉత్తరాది పక్షాన దాదాపు లక్షా ఎనభై వేల మంది నల్లజాతి సైనికులు పోరాడారన్నది మాత్రం ఈ కథకు అవసరం. దేశం కోసం తుపాకీ పట్టినవాళ్లను పౌరులు కారనడం ఇక ఎవరికీ సులువు కాలేదు. 1865 డిసెంబరులో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ వెంటనే దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతీయులను కూలి ఒప్పందాలతో కట్టిపడేసే చట్టాలు తెచ్చాయి. దానికి విరుగుడుగా అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ 1866 ఏప్రిల్లో పౌరహక్కుల చట్టం చేసింది. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వీటో చేస్తే, ఆ వీటోను తోసిరాజని మరీ నెగ్గించుకుంది. అయితే చట్టాన్ని రేపటి కాంగ్రెస్ రద్దు చేయవచ్చు, టానీ వంటి మరో న్యాయమూర్తి కొట్టేయవచ్చు. పౌరసత్వాన్ని రాజ్యాంగంలోనే నాటాలన్న నిర్ణయం ఆ భయంలోంచి పుట్టింది.

1866 మే 30న మిషిగన్ సెనేటర్ జేకబ్ హోవార్డ్ పౌరసత్వ వాక్యాన్ని సభ ముందుంచారు. ఆ రోజు జరిగిన చర్చ ఇప్పటి వాదనకు ఆయువుపట్టు. పెన్సిల్వేనియా సెనేటర్ ఎడ్గార్ కోవన్ లేచి, అయితే కాలిఫోర్నియాలో చైనీయులకు పుట్టే పిల్లలు, దేశదిమ్మరులైన జిప్సీల పిల్లలు కూడా పౌరులవుతారా అని నిలదీశారు. సందు చూసి అడిగిన ప్రశ్న కాదది. ఆ సవరణను వ్యతిరేకించేవారి మనసులో ఉన్న అసలు భయమే అది. జవాబిచ్చింది కాలిఫోర్నియా సెనేటర్ జాన్ కానెస్. తాను స్వయంగా ఐర్లండ్‌లో పుట్టి వలస వచ్చినవాడు. అవును, ఆ పిల్లలు పౌరులవుతారు, అందుకు నేను సమ్మతిస్తున్నాను అన్నది ఆయన మాటల తాత్పర్యం. అంటే ఈ వాక్యం బానిసల పిల్లల కోసమే రాశారు, వలసవచ్చినవారి సంగతి రాసినవారికి తోచలేదు అనే వాదన ఆ సభ రికార్డు ముందు నిలబడదు. తోచింది, అడిగారు, జవాబు విన్నారు, ఓటు వేశారు. 1868 జులై 9 నాటికి కావలసిన రాష్ట్రాలు ఆమోదం తెలిపాయి.

ఆ వాక్యానికి ఒక పెద్ద వెలితి మాత్రం మిగిలింది. తెగను వదిలి ఒమాహాలో స్థిరపడిన జాన్ ఎల్క్ అనే ఆదివాసీ ఓటరుగా నమోదు చేసుకోబోతే నిరాకరించారు. తెగలు వేరే జాతులతో సమానమని, వాటిలో పుట్టినవారు పుట్టుకతో అమెరికా పరిధికి పూర్తిగా లోబడినవారు కారని 1884లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అందరికంటే ముందు ఆ గడ్డ మీద పుట్టినవారందరికీ పౌరసత్వం రావడానికి 1924 నాటి చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

కానెస్ ఇచ్చిన జవాబుకు అసలు పరీక్ష శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎదురైంది. ఖండాంతర రైలుమార్గం కోసం కొండలు తొలిచిన చైనా కూలీలను, పని పూర్తయ్యాక దేశం బరువుగా చూసింది. 1882 నాటి చట్టం చైనా కూలీల రాకను నిషేధించింది, చైనీయులెవరికీ కోర్టులు పౌరసత్వం ఇవ్వరాదంది. వాంగ్ కిమ్ ఆర్క్ అప్పటికే ఆ నగరంలో పుట్టి ఉన్నాడు. వృత్తి వంటపని. 1894 నవంబరులో చైనాకు బయలుదేరే ముందు అతను ఒక కాగితం సిద్ధం చేయించుకున్నాడు. ఇతను మాకు బాగా తెలుసు, ఈ నగరంలోనే పుట్టాడు అని సాక్షుల సంతకాలతో, అతని ఫొటోతో ఉన్న ఆ కాగితం ఇప్పటికీ అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది. పుట్టిన ఊరికి తిరిగి రావడానికి ఇరుగుపొరుగు వాళ్ల సంతకాలు జేబులో పెట్టుకుని వెళ్లాల్సిన పౌరుడు అతను.

1895 ఆగస్టులో కాప్టిక్ అనే ఓడలో తిరిగి వస్తే, నువ్వు పౌరుడివి కాదంటూ దిగనివ్వలేదు. నెలల తరబడి తీరంలో ఆగిన ఓడల మీదే అతన్ని నిర్బంధించి ఉంచారు. తల్లిదండ్రులు చైనా చక్రవర్తి ప్రజలు కాబట్టి బిడ్డ కూడా అమెరికా పరిధికి పూర్తిగా లోబడలేదని ప్రభుత్వం వాదించింది. 1898 మార్చి 28న సుప్రీంకోర్టు 6-2తో ఆ వాదనను తిరస్కరించింది. విదేశీ దౌత్యవేత్తల పిల్లలు, ఆక్రమించిన శత్రుసేనల పిల్లలు, తెగల్లో పుట్టిన ఆదివాసీలు వంటి కొద్ది మినహాయింపులు తప్ప ఆ గడ్డ మీద పుట్టినవారంతా పౌరులేనని జస్టిస్ హొరేస్ గ్రే రాశారు. విదేశీయుల పిల్లలను కాదంటే ఇంగ్లండ్, ఐర్లండ్, జర్మనీల నుంచి వచ్చినవారికి పుట్టిన వేలాది మంది పౌరసత్వం కూడా పోతుందని ఆయన గుర్తుచేశారు. ఎల్క్‌ను కాదన్న తీర్పు రాసిందీ ఈ గ్రేయే. కాగితం మీద గెలిచినా వాంగ్‌కు ఊరట చిక్కలేదు. 1901లో టెక్సాస్‌లోని ఎల్ పాసోలో అక్రమంగా ఉన్న చైనీయుడంటూ అతన్ని మళ్లీ అరెస్టు చేశారు.

పుట్టుకతో వచ్చే హక్కు ఎంత విలువైనదో, ఆ తర్వాతి పాతికేళ్లలో భారతీయులకు తెలిసింది. పంజాబ్‌లో పుట్టి, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికుడిగా పనిచేసిన భగత్ సింగ్ థింద్, సామాన్యుడి దృష్టిలో శ్వేతజాతీయుడు కాడు కాబట్టి పౌరసత్వానికి అనర్హుడని 1923 ఫిబ్రవరి 19న అదే సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన పలువురు భారతీయుల నుంచి దాన్ని లాక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ ఆ అవమానం భరించలేక 1928లో ప్రాణం తీసుకున్నారు. పౌరసత్వానికి అర్హత లేనివారు సాగుభూమి కొనరాదన్న కాలిఫోర్నియా చట్టం పంజాబీ రైతుల మెడకు చుట్టుకుంది. ఇంపీరియల్ లోయలో మెక్సికన్ స్త్రీలను పెళ్లాడి స్థిరపడిన ఆ రైతుల్లో కొందరు, తమ పేరున పెట్టుకోలేని పొలాన్ని అక్కడ పుట్టిన పిల్లల పేరున పెట్టారు. దున్నే తండ్రికి ఆ దేశం ఏమీ కాదు, ఊయలలో ఉన్న బిడ్డ మాత్రం పౌరుడు. ఆ పొలాలను నిలబెట్టింది 14వ సవరణే.

అయితే అది అన్ని వేళలా కాపాడలేదు. 1942లో నిర్బంధ శిబిరాలకు తరలించిన సుమారు లక్షా ఇరవై వేల మంది జపాన్ సంతతివారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది అక్కడే పుట్టిన పౌరులు.

1946లో భారతీయులకు పౌరసత్వ అర్హత దక్కింది, ఏడాదికి వంద మందికి మించి రాకూడదన్న పరిమితితో. 1965 నాటి వలస చట్టం జాతుల వారీ కోటాలను తీసేశాక డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లారు. 1990 నాటి చట్టం ఇప్పటి హెచ్‌-1బీకి రూపం ఇచ్చింది. తెలుగువారి వలస ఊపందుకున్నది ఈ దారినే. అదే చట్టం ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులకు ఏడాదికి లక్షా నలభై వేల పరిమితి, ఒక్కో దేశానికి ఏడు శాతం హద్దు విధించింది. భారతీయుల నిరీక్షణ దశాబ్దాలకు పెరిగింది అందుకే. హైదరాబాద్‌లో పుట్టిన పెద్దబిడ్డ తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడి, 21 ఏళ్లు నిండగానే దేశం విడవాలేమోనన్న దిగులుతో ఉంటే, డాలస్‌లో పుట్టిన చిన్నబిడ్డ చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉండే ఇళ్లు ఇప్పుడు ఎన్నో. ఈ తల్లిదండ్రులు పన్ను కడతారు, అక్కడి చట్టానికి బద్ధులై ఉంటారు, తప్పు చేస్తే అక్కడి కోర్టు శిక్షిస్తుంది. వీరు ఆ దేశ అధికార పరిధికి లోబడలేదంటే మాటలకు అర్థం మిగలదు.

వాంగ్ తల్లిదండ్రులు అక్కడ శాశ్వత నివాసం ఏర్పరచుకున్నవారని, తాత్కాలికంగా వచ్చినవారికి ఆ తీర్పు వర్తించదని ప్రభుత్వం అంటోంది. తీర్పులో ఆ నివాసం ప్రస్తావన ఉన్న మాట నిజమే. కానీ గ్రే చెప్పిన మినహాయింపుల జాబితాలో తాత్కాలిక నివాసులు లేరు. పుట్టిన నేల సూత్రాన్ని వదులుకున్న దేశాలు లేకపోలేదు. మన దేశంలోనే 1987 జులై 1కి ముందు పుట్టినవారికి పుట్టుకే చాలు, ఆ తర్వాత తల్లిదండ్రులలో ఒకరైనా భారత పౌరులై ఉండాలన్న షరతు వచ్చింది. భారత పార్లమెంటు ఆ పని చట్టం ద్వారా చేసింది, ఐర్లండ్ 2004లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి రాజ్యాంగాన్ని సవరించుకుంది. అమెరికాలో రాజ్యాంగ వాక్యాన్ని ఒక అధ్యక్షుడి సంతకంతో మార్చబోవడమే తేడా.

సియాటిల్‌లో న్యాయమూర్తి జాన్ కూగెనవర్ మూడు రోజులకే ఈ ఉత్తర్వును నిలిపివేశారు, రాజ్యాంగ విరుద్ధమని స్పష్టంగా కనిపిస్తోందన్నారు. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు, పౌరసత్వం సంగతి తేల్చకుండా, ఒక్క జిల్లా న్యాయమూర్తి దేశమంతటికీ వర్తించేలా నిలుపుదల ఇచ్చే అధికారాన్ని కుదించింది. జులైలో న్యూహ్యాంప్‌షైర్ కోర్టు, ఉత్తర్వు తాకే శిశువులందరినీ ఒక వర్గంగా గుర్తించి మళ్లీ అడ్డుకట్ట వేసింది. అసలు ప్రశ్నను నేరుగా విచారించేందుకు సుప్రీంకోర్టు ఆ డిసెంబరులో అంగీకరించింది.

అమెరికాలో జనన ధ్రువపత్రం మీద బిడ్డ పుట్టిన చోటు, తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. ఆ తల్లిదండ్రులు ఏ వీసా మీద ఉన్నారో ఉండదు. పౌరసత్వానికి ఇన్నాళ్లూ ఆ పత్రమే రుజువు. ఈ ఉత్తర్వు అమలైతే అది ఒక్కటే చాలదు, తరతరాలుగా అక్కడే ఉన్న కుటుంబం కూడా ఆసుపత్రిలో పుట్టిన తమ బిడ్డ కోసం ముందు తమ స్థితిని కాగితాలతో నిరూపించుకోవాలి.