క్లీనర్ సీటు ఖాళీ, ఫామ్-5 మాత్రం రెడీ

కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర 2025 అక్టోబరు 24న ప్రైవేటు బస్సు తగలబడిపోయాక, దాని డ్రైవరు చదివింది ఐదో తరగతేనని, దొంగ టెన్త్ సర్టిఫికెట్ పెట్టి హెవీ లైసెన్సు తీశాడని వార్తలొచ్చాయి. పది రోజులకే చేవెళ్ల దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును గుద్దేసింది. ఇక అప్పట్నుంచి ఒకటే గోల: స్కూలు మొహం చూడనివాళ్ల చేతికి ఇంత పెద్ద బండి ఎవరిచ్చారు అని.

ఎవరిచ్చారంటే, ఇంకో డ్రైవరే ఇచ్చాడు. మన దగ్గర లారీ డ్రైవర్లు తయారయ్యేదే అలా. చట్టం, లైసెన్సుల రకాలు, ఇవన్నీ ఇప్పటికే టీవీల్లో నలిగిపోయాయి కాబట్టి వదిలేసి, నాకు అసలు ముడి కనిపించిన చోటికి వస్తాను. అది 2007.

ఆ ఏడాది కేంద్రం మోటారు వాహనాల రూల్సు సవరించి, ట్రాన్స్‌పోర్టు బండి, అంటే లారీ, బస్సులాంటి వాటి లైసెన్సు కావాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలని పెట్టింది. చదువుంటే బోర్డులు చదువుకుంటాడు, కాగితాలు చూసుకుంటాడు అన్నది అధికారుల వాదన. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ లారీ ఎక్కే కుర్రాడు ఎవడు? బడి మానేసినవాడే కదా ఎక్కేది! పైగా ఆ రూలు అప్పటికే లైసెన్సు ఉన్నవాళ్లకు వర్తించలేదు. అంటే స్టీరింగ్ ముందున్న గురువు సంతకం కూడా రాకపోయినా రెన్యువల్ చేయించుకోవచ్చు, పక్కన క్లీనర్‌గా కూర్చుని అతని దగ్గరే పని నేర్చిన శిష్యుడికి మాత్రం దారి మూసుకుపోయింది.

ఆ పని ఏంటో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు మాట్లాడేవాళ్లలో చాలామందికి క్లీనర్ అంటే అద్దాలు తుడిచేవాడనే లెక్క. టైర్లు కొట్టి చప్పుడును బట్టి గాలి చూడటం, లోడు మీద పట్టా కప్పి మోకులు బిగించడం, రివర్స్‌లో వెనక నిలబడి బాడీ మీద చరుస్తూ రానీ రానీ అనడం, ఇలా కొన్నాళ్లు గడిచాక ఎప్పుడో ఖాళీ బండికి, ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ చేతికొస్తుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు అయితే పాఠం ఇంకోరకం. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలి, డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేశావో చచ్చావే, బ్రేకును ఊరికే తొక్కి తొక్కి వదిలితే దాన్ని పనిచేయించే ట్యాంకులో గాలి అయిపోతుంది, మీటరు ముల్లు పడిపోతుంటే పక్కకు తీసి ఆపాలి. ఇవన్నీ తిట్లతో కలిపి చెప్పేవాళ్లు, అందుకే గుర్తుండేవి. లైసెన్సు లేని కుర్రాడికి హైవే మీద బండివ్వడం నేరమే, దానివల్ల ప్రాణాలు పోయిన మాటా నిజమే. కానీ దానికి బదులు పెట్టిందేంటి?

ఫామ్-5. డ్రైవింగ్ స్కూలు ఇచ్చే సర్టిఫికెట్, ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు ఇది తప్పనిసరి. 31వ రూలు ప్రకారం 30 రోజుల శిక్షణ, అందులో బండి నడిపేది కనీసం 15 గంటలు. అసలు హెవీ బండి సొంతంగా ఉన్న స్కూళ్లు మీ ఊళ్లో ఎన్నున్నాయో ఒకసారి వెతికి చూడండి. లారీ ఆఫీసుల దగ్గర ఏ డ్రైవర్ని కదిపినా ఒకటే మాట: నేర్చుకుంది లారీ మీద, కాగితం తెచ్చుకుంది ఏజెంటు దగ్గర. 2007 తర్వాత ఆ కాగితాలు రెండయ్యాయి అంతే, ఫామ్-5తో పాటు స్కూలు మెమో కూడా. దొంగ సర్టిఫికెట్ల గిరాకీ అక్కడ మొదలైందంటాను నేను.

2019లో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. హర్యానాలోని మేవాత్ ప్రాంతం డ్రైవర్లకు మినహాయింపు ఇమ్మని ఆ రాష్ట్రం అడిగితే, దేశంలో దాదాపు 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉంది, ఈ పనికి చదువు కన్నా నైపుణ్యం ముఖ్యం అంటూ ఎనిమిదో తరగతి షరతునే తీసేసింది. పన్నెండేళ్ల పాటు ఆ గేటు దగ్గర అబద్ధం ఆడితే తప్ప లోపలికి రాలేకపోయినవాళ్లలో చాలామంది ఇప్పుడు ముప్పైల్లో, నలభైల్లో ఉన్నారు, ఈ రాత్రి కూడా హైవే మీదే ఉంటారు. ఇప్పుడు వాళ్ల టెన్త్ మెమోలు తవ్వుతామంటున్నారు. తవ్వండి, కానీ అదే ఫైల్లో ఉన్న ఫామ్-5 ఇచ్చిన స్కూలుకు ఆ రోజు లారీ ఉందో లేదో కూడా చూడండి, దాని ఊసు ఎవరూ ఎత్తడం లేదు.

ఈలోగా క్లీనరే కనిపించకుండా పోతున్నాడు. బత్తా, జీతం మిగులుతాయని ఓనర్లు ఒక్క డ్రైవరుతోనే బండి పంపిస్తున్నారు. ఇక కొత్త కుర్రాడు నేర్చుకునేదెక్కడ? 2021 జులై నుంచి అమల్లోకొచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల రూల్సులో హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు, సిమ్యులేటరు, ట్రాకు, అన్నీ ఉన్నాయి, అక్కడ పాసైతే ఆర్టీఏలో మళ్లీ టెస్టు కూడా అక్కర్లేదు. కాగితం మీద బాగుంది. ఫీజు ఎవరు కడతారు, ఆ ఆరు వారాలు కూలి మానుకుంటే ఇంట్లో ఎలా గడుస్తుంది అన్నదానికి ఓనర్లు ప్రభుత్వం వైపు, ప్రభుత్వం ఓనర్ల వైపు చూస్తున్నారు.