పగలని కిటికీని మార్చడం ఎందుకు?

బుజ్జికీ, చిన్నాకీ,

మొన్న మీరు ఫోన్‌లో అడిగింది ఇంకా నా చెవిలోనే ఉంది. "తాతయ్యా, కిటికీ అద్దం ఒక్కటి కూడా పగల్లేదు. అయినా ఇల్లు కాగిపోతోందని నాన్న అన్నీ మార్పిద్దాం అంటున్నాడు. ఖర్చు విని అమ్మకి టెన్షన్ పట్టుకుంది. బాగున్నవాటిని మార్చడం ఎందుకు?" ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

మా ఇల్లు కడుతున్నప్పుడు నాకు పదేళ్లు. సెలవుల్లో ఇసుక జల్లించే పని నాకు అప్పగించారు. ఏటవాలుగా నిలబెట్టిన పెద్ద జల్లెడ మీదికి పారతో ఇసుక విసరాలి. సన్న ఇసుక అవతల పడుతుంది, గులకరాళ్లు జారి ఇవతల కుప్పపడతాయి. మొదటి రోజు నేను జల్లించిన ఇసుకలో రాళ్లు వచ్చాయి. మేస్త్రి తాపీతో గోడ రుద్దుతుంటే పొడుగ్గా గీత పడింది. ఆయన నన్నేమీ అనలేదు. జల్లెడ దగ్గర గొంతుక్కూర్చుని, వల చట్రాన్ని అంటుకునే చోట వేలు పెట్టి చూపించాడు. రెండు మేకులు ఊడి అక్కడ వల లేచిపోయింది. రాళ్లన్నీ అందులోంచే వెళ్తున్నాయి. మేకులు కొట్టి, మళ్లీ పార నా చేతికిచ్చాడు.

మీ కిటికీ కూడా ఆ జల్లెడే అనుకోండి. ఎండలో మనకు కావలసిందీ, వద్దనుకునేదీ కలిసే వస్తాయి. కంటికి కనిపించే వెలుగు సన్న ఇసుక. కనిపించని వేడి గులకరాళ్లు. ఎండ తెచ్చే శక్తిలో దాదాపు సగం ఆ కనిపించని భాగమే. మామూలు పలచటి అద్దం కన్నాలు మరీ పెద్దవైన జల్లెడ. తన మీద పడిన ఎండ వేడిలో నూటికి 85 పాళ్ల పైనే లోపలికి వదిలేస్తుంది. ఎండ ప్రాంతాల కోసం పలచటి పూత వేసి చేసే లో-ఈ అద్దం సన్న కన్నాల జల్లెడ. వెలుగుని చాలావరకు రానిస్తుంది, వేడిని చాలావరకు వెనక్కి పంపుతుంది. అద్దం మీద అతికించే కాగితంలో సోలార్ హీట్ గెయిన్ అని, ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెప్పే అంకె ఉంటుంది, సున్నాకీ ఒకటికీ మధ్యలో. మీలాంటి ఎండల చోట అది ఎంత తక్కువైతే అంత మంచిది. 0.25 దరిదాపుల్లో ఉంటే ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది.

ఆ సన్న కన్నాలు దేంతో చేస్తారో తెలుసా? వెండితో! అద్దం మీద పది, పదిహేను నానోమీటర్ల వెండి పొర పరుస్తారు. మన తల వెంట్రుకని నిలువునా కొన్ని వేల పొరలుగా చీలిస్తే అందులో ఒక్క పొరంత మందం. మెరిసే లోహం అంత పలచనైతే దాని గుండా అవతలి చెట్టు కనిపిస్తుంది, వేడి మాత్రం తిరిగిపోతుంది. ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు కిటికీ ముందే కూర్చుండిపోయాను. ఎలా అన్నది పెద్ద క్లాసుల్లో చదువుకుంటారు.

ఇక ఖర్చు. ఆ పూత గాలికీ చేతులకీ తగలకుండా రెండు అద్దాలు జోడించి, మధ్యలో 12 నుంచి 16 మిల్లీమీటర్ల సందు వదిలి, అందులో ఆర్గాన్ అనే వాయువు నింపి చుట్టూ మూసేస్తారు. తలుపు పక్కనా, నేలకి దగ్గరగా ఉన్నచోటా టఫెన్డ్ అద్దం, అంటే గట్టిపరిచిన అద్దం వెయ్యాలి. దాన్ని 600 డిగ్రీలకు పైగా కాల్చి గబుక్కున చల్లారుస్తారు. ఆ తర్వాత దాన్ని కొయ్యడం కుదరదు, కొలత తప్పితే ఆ అద్దం వృథా. చట్రం ఉత్త అల్యూమినియం అయితే వేడిని గరిటె కాడలాగా లోపలికి లాగేస్తుంది, కాబట్టి మధ్యలో వేడి ఆపే ముక్క ఉన్నది కొనాలి, లేదా యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌ది. పాత చట్రం గట్టిగా ఉంటే అందులోనే కొత్తది బిగించొచ్చు. గోడ తవ్వి చట్రంతో సహా మారిస్తే కూలీ, గోడకి సిమెంటు పూత, రంగు అన్నీ కలిసి బిల్లు పెరిగిపోతుంది. ఇంత పెట్టినా, అది కరెంటు బిల్లులో తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అమ్మ టెన్షన్ ఊరికే కాదు.

అందుకే మీ నాన్నకి మేస్త్రి వేలు సంగతి చెప్పండి. కొత్త జల్లెడ కొనేముందు పాతదాని మేకులు చూడాలి. పొడిగాలికి చెక్క కుంచించుకుపోతుంది, ఎండకి అద్దం చుట్టూ ఉండే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. కిటికీ మూలల్లో గోడ మీద సన్నటి దుమ్ము చార ఉందేమో చూడండి. గాలి అక్కడినుంచే వస్తోంది. రబ్బరూ సీలెంటూ మార్చడానికి అయ్యేది చాలా తక్కువ.

ఆ తర్వాత బయట నీడ. పరదా లోపల వేస్తే, రాళ్లు ఇంట్లోకి వచ్చాక వాటి మీద గుడ్డ కప్పినట్టే. తడికో, పందిరో, చెట్టో బయట ఉంటే జల్లెడ మీద రాళ్లే పడవు. పడమటి కిటికీకి ముందు ఆ పని చెయ్యాలి. సాయంత్రం సూర్యుడు కిందికి దిగి సూటిగా కొడతాడు, పైన సన్‌షేడ్ ఉన్నా అడ్డుకోలేదు. అప్పటికీ ఆ గది కాగుతుంటే ఆ ఒక్క కిటికీనే మంచి అద్దంతో మార్పించమనండి, మిగతావి చేతిలో డబ్బున్నప్పుడు చూసుకోవచ్చు. మార్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, పక్కకి జరిపే కిటికీ సగమే తెరుచుకుంటుంది. రెక్కలున్నది పూర్తిగా తెరుచుకుంటుంది. పొడి ప్రాంతంలో రాత్రి చల్లగాలి ఉచితంగా దొరుకుతుంది, దానికి దారి మూసుకోకూడదు.

ఇప్పుడు మీరిద్దరూ నాకో పని చేసిపెట్టాలి. రేపు సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ప్రతి అద్దానికీ అరచెయ్యి వెనక భాగం ఆనించి, ఏ గదిది ఎంత కాలుతోందో రాసుకోండి. గాలి వీస్తున్నప్పుడు చట్రం అంచు వెంట పలచటి కాగితం ముక్క పట్టుకుని తిరగండి, ఎక్కడ వణుకుతుందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. ఎవరింట్లోనైనా జోడు అద్దాల కిటికీ కనిపిస్తే, చీకటి పడ్డాక చిన్న టార్చి దాని దగ్గరగా పట్టుకుని వాలుగా చూడండి. నాలుగు దీపాలు కనిపిస్తాయి. అందులో ఒకటి మిగతా మూడింటి కన్నా వేరే రంగులో ఉంటే, అదే ఆ వెండి.

ఏ రంగులో ఉందో నాకు రాయండి.

మీ తాతయ్య