గెట్టు మీది తోడేలు సాలీడు

చలికాలం పొద్దున్నే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పొలం గెట్ల మీద నడిస్తే, గడ్డిలో తెల్లటి గుడ్డముక్కలు పరిచినట్టు సాలెగూళ్లు కనిపిస్తాయి. ఎండెక్కగానే మాయమవుతాయి. నిజానికి అవి ఎక్కడికీ పోవు, మంచు ఆరితే మన కంటికి ఆనవు, అంతే. ఒక్కో గూటికి ఓ పక్కన గరాటు ఉంటుంది. అది నేలలోని బొక్కలోకో, రాయి కిందికో దిగుతుంది. దాని మూతి దగ్గర కాళ్లు ముందుకు చాపి కాపుకాసేది హిప్పాసా సాలీడు. మన దేశంలో వీటి జాతులు చాలానే ఉన్నాయి. వాటిలో హిప్పాసా అజెలెనాయిడెస్‌ను ఫ్రెంచి శాస్త్రవేత్త యూజీన్ సిమోన్ 1884లో వర్ణించాడు.

గూడు చూసి దీని వంశం చెబితే తప్పులో కాలేసినట్టే. ఇలాంటి గరాటు గూళ్లకు పేరుపడ్డది అజెలెనిడే అనే వేరే కుటుంబం. ఇదేమో లైకోసిడే, అంటే తోడేలు సాలీళ్ల కుటుంబం. అందులో 2,400కు పైగా జాతులున్నా చాలావాటికి గూడుతో పనిలేదు. తిరుగుతూ వేటాడతాయి, లేదా బొరియ తవ్వుకుని అందులో ఉంటాయి. హిప్పాసా మాత్రం బొక్కనూ వదల్లేదు, గూడునూ వదల్లేదు!

ఎండాకాలంలో చల్క నేల పైన కాలిపోతున్నా జానెడు లోతులో చల్లగా, కాస్త తేమగా ఉంటుంది. ఒళ్లు త్వరగా ఎండిపోయే చిన్న ప్రాణికి ఆ జానెడే దిక్కు. పైనున్న గూటికి జిగురు ఉండదు. మిడతపిల్ల పడితే దాని కాళ్లు దారాల్లో చిక్కుకుంటాయి, ఆ అదురు సాలీడు కాళ్లకు తెలుస్తుంది. ఒక్క ఉరుకులో వచ్చి, కొరికి, గరాటులోకి లాక్కుపోతుంది. మన అడుగుల చప్పుడుకైతే అంతే జోరుగా లోపలికి జారుకుంటుంది.

వంశం బయటపడేది రాత్రిపూట. టార్చి వేస్తే కళ్లు మెరుస్తాయి, వాటి వెనుక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. ఇంకా గట్టి గుర్తు గుడ్ల సంచి. అజెలెనిడే తల్లి దాన్ని ఎక్కడో ఓ చోట అతికించేస్తుంది, హిప్పాసా తల్లి మాత్రం దారం తీసే అవయవాలకు తగిలించుకుని వెంట తిప్పుతుంది. తోడేలు సాలీళ్లకు ఆ మోత మీద ఎంత మమకారమంటే, సంచి లాగేసి అంతే సైజు బెండుముక్క ఇచ్చినా తగిలించుకునేవి ఉన్నాయి. మమకారం ఉంది గానీ తెలివి అంతంతమాత్రం. పిల్లలు బయటికొచ్చాక తల్లి వీపెక్కి కొన్నాళ్లు అక్కడే ఉంటాయి.

మనిషికి దీనితో టెన్షన్ లేదు. దీనికే మనతో ఉంది. గెట్ల మీద పురుగుమందు కొడితే పురుగులతో పాటు వాటిని తినే సాలీడూ పోతుంది. పచ్చదోమ వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది, సాలీడు అంత త్వరగా కోలుకోదు.