కాంతితో కణాలను పట్టుకోవడం: అపోహలు - వాస్తవాలు

లేజర్ పుంజాన్ని మైక్రోస్కోప్ లెన్స్ గుండా బాగా చిన్న చుక్కగా ఫోకస్ చేస్తే, నీళ్లలో తిరుగుతున్న మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు పూస ఆ చుక్క దగ్గరే ఆగిపోతుంది. చుక్కను జరిపితే పూస కూడా వెంట వస్తుంది. దీన్నే ఆప్టికల్ ట్వీజర్స్ అంటాం. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఆర్థర్ ఆష్కిన్ బృందం 1986లో ఒకే పుంజంతో ఇది చేసి చూపించింది. 2018 ఫిజిక్స్ నోబెల్‌లో సగం ఆయనకు దక్కింది, అప్పటికి ఆయన వయసు 96. నేను పనిచేసేది ఈ రంగంలోనే కాబట్టి, విద్యార్థుల నోట తరచూ వినే అపోహల గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

అపోహ: పవర్ పెంచితే పట్టు పెరుగుతుంది

అన్నిటికంటే బలంగా నాటుకుపోయినది ఇదే. పూస నిలవకపోతే కొత్తగా చేరినవాళ్లు ముందు పవర్ నాబ్ మీదే చెయ్యి వేస్తారు.

పూస మీద కాంతి రెండు బలాలు చూపిస్తుంది. ఒకటి కాంతి వెళ్లే దిక్కుకు నెడుతుంది. రెండోది కాంతి ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడికి లాగుతుంది. పారదర్శకమైన పూసలోంచి వెళ్తూ కిరణం వంగినప్పుడు దాని ద్రవ్యవేగం దిశ మారుతుంది, దానికి ప్రతిచర్యగా పూస ఫోకస్ వైపు జరుగుతుంది. పవర్ పెంచితే ఈ రెండు బలాలూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. ఫోకస్ పదునుగా లేకపోతే నెట్టే బలానిదే పైచేయి. అప్పుడు పవర్ పెంచితే పూస ఇంకా వేగంగా వెళ్లిపోతుంది.

పూసను వెనక్కి లాగేవి లెన్స్ అంచుల నుంచి బాగా ఏటవాలుగా వచ్చే కిరణాలు. అందుకే 1.2 నుంచి 1.4 దాకా న్యూమరికల్ అపర్చర్ (కిరణాలను ఎంత ఏటవాలుగా ఫోకస్ చేయగలదో చెప్పే సంఖ్య) ఉన్న ఆబ్జెక్టివ్, అంటే మైక్రోస్కోప్ ముఖ్య లెన్స్, వాడతాం. పుంజాన్ని ముందే వెడల్పు చేసి లెన్స్ వెనకభాగం అంచుల దాకా నింపుతాం. ఆయిల్ ఆబ్జెక్టివ్‌తో (లెన్స్‌కూ గాజు పలకకూ మధ్య నూనె చుక్క వేసి వాడే రకం) ఇంకో చిక్కుంది. గాజు పలక నుంచి నీళ్లలో లోతుకు వెళ్లేకొద్దీ ఫోకస్ చెదిరిపోతుంది. పలక దగ్గర దిట్టంగా నిలబడిన పూస కొన్ని పదుల మైక్రాన్ల లోతులో జారిపోవచ్చు. అక్కడ నూనెకు బదులు నీళ్లు వాడే వాటర్ ఇమ్మర్షన్ ఆబ్జెక్టివ్‌కు మారాలి, లేదా పుంజం ఆకారాన్ని సరిదిద్దాలి. ఆకారం సరైతే అదే పవర్‌తో పూస మళ్లీ నిలుస్తుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చే విషయం ఇదే.

అపోహ: లేజర్ తగిలితే జీవకణం కాలిపోతుంది

రంగును బట్టి ఉంటుంది. 1987లో ఆష్కిన్ బృందం బ్యాక్టీరియాను ఆకుపచ్చ లేజర్‌తో పట్టుకున్నప్పుడు అవి చనిపోయేవి. 1064 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్‌కు మారాక ట్రాప్‌లో (కాంతి పట్టులో) ఉండగానే జీవకణాలు విభజన చెందాయి. ఈ రంగును నీరు కొద్దిగానే పీల్చుకుంటుంది. ఫోకస్ దగ్గర 100 మిల్లీవాట్లకు పెరిగే వేడి సుమారు ఒక డిగ్రీ. అయితే హాని అసలే ఉండదని కూడా అనుకోకండి. ఆక్సిజన్ ఉన్నచోట కాంతి వల్ల నష్టం ఎక్కువ.

అపోహ: పట్టుబడిన కణం కదలకుండా ఉంటుంది

నీటి అణువులు నిరంతరం గుద్దుతూనే ఉంటాయి కాబట్టి పూస గిన్నె అడుగున గోళీలా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ట్రాప్ గట్టిదనం నానోమీటరుకు 0.05 పికోన్యూటన్లైతే (పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లో వంతు బలం) ఆ ఊగు సుమారు 9 నానోమీటర్లు. ఈ ఊగును కొలిచి, దాన్నిబట్టి ట్రాప్ ఎంత గట్టిదో లెక్కకడతాం. జీవకణం లోపల సరుకులు మోసే కైనెసిన్ అనే మోటార్ ప్రోటీన్ 8 నానోమీటర్ల అడుగులు వేస్తుందని 1993లో తేలింది ఈ రకం కొలతలతోనే.

అపోహ: డోనట్ పుంజంలో ఏ కణమైనా మధ్యలోకే వస్తుంది

డోనట్ పుంజం అంటే మధ్యలో చీకటి, చుట్టూ వెలుగు వలయం. నీళ్లలో ఒక మైక్రాన్ సిలికా పూస దాని దగ్గరికి వస్తే, వలయం పెద్దదైనప్పుడు వెలుగు మీదికే వెళ్లి వలయం వెంబడి గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. దాన్ని తిప్పేది పుంజంలో ఉన్న మెలిక, అంటే కాంతి తరంగాలు స్క్రూలా తిరుగుతూ సాగడం. అక్కడే లోపల బోలుగా ఉన్న గాజు పూసను పెడితే వెలుగు దాన్ని అన్నివైపుల నుంచీ తోసి చీకటి మధ్యలో నిలబెడుతుంది. దాని వక్రీభవన గుణకం నీటికంటే తక్కువ కాబట్టి మామూలు చుక్క దాన్ని పట్టుకోలేదు. కాబట్టి ముందు కణం ఎలాంటిదో చూసి, ఆ తర్వాత పుంజం ఆకారం ఎంచుకోవాలి.

అపోహ: ఏరీ పుంజంలో కాంతి నిజంగానే వంకరగా వెళ్తుంది

ఏరీ పుంజం అంటే వంపు తిరుగుతూ వెళ్తున్నట్టు కనిపించేలా మలిచిన పుంజం. అందులో వంపు తిరిగేది బాగా వెలిగే ప్రధాన భాగం మాత్రమే. పుంజం మొత్తం శక్తి కేంద్రం తిన్నగానే సాగుతుంది. ఆ వెలుగు వంపు వెంట కణాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోయొచ్చని 2008లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ బృందం చూపించింది. మధ్యలో వెలుగు చుక్క, చుట్టూ వలయాలు ఉండే బెస్సెల్ పుంజం అడ్డంకి దాటాక మళ్లీ కుదురుకోవడం కూడా అలాంటిదే. చుట్టూ ఉన్న వలయాల కాంతి వచ్చి మధ్యభాగాన్ని మళ్లీ నింపుతుంది, అదీ కొంత దూరం వరకే.

అపోహ: ఎస్‌ఎల్‌ఎమ్ ఉంటే ఎన్ని ట్రాప్‌లైనా వేసుకోవచ్చు

ఎస్‌ఎల్‌ఎమ్ అంటే పిక్సెల్ పిక్సెల్‌కూ కాంతి దశను మార్చే లిక్విడ్ క్రిస్టల్ తెర. దాని మీద హోలోగ్రామ్ (కాంతిని మలిచే నమూనా) వేసి ఒక్క పుంజాన్ని పదుల ట్రాప్‌లుగా విడదీస్తాం. కానీ ఉన్న పవర్‌నే అన్నీ పంచుకోవాలి. పైగా హోలోగ్రామ్‌కు లొంగని కాంతి కొంత మధ్యలో ఒక చుక్కగా మిగిలిపోతుంది. దారిన పోయే పూసలు దానికీ చిక్కుకుంటాయి. అందుకే ట్రాప్‌ల గుంపును పక్కకు జరిపి, ఆ చుక్కకు అడ్డు పెడతాం.

అపోహ: రేపో మాపో వస్తువులనూ ఇలాగే ఎత్తేయొచ్చు

ఒక గ్రాము బరువును కాంతి ఒత్తిడితో గాల్లో నిలపాలంటే, అది అద్దంలా కాంతినంతా వెనక్కి పంపినా సుమారు 15 లక్షల వాట్లు కావాలి. మైక్రాన్ పూస బరువు పికోన్యూటన్‌లో వందో వంతు కూడా ఉండదు. మిల్లీవాట్లతో పని జరిగేది అందుకే.

అపోహ: మిల్లీవాట్లే కదా, కళ్లకు ఏమీ కాదు

దీని గురించి మాత్రం నాకు నిజంగా టెన్షన్. ఆబ్జెక్టివ్‌కు ముందు పుంజంలో వందల మిల్లీవాట్లు ఉండటం మామూలే. 1064 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు కాబట్టి రెప్ప కూడా పడదు, కానీ కంటి కటకం దాన్ని నేరుగా రెటీనా మీద ఫోకస్ చేస్తుంది. ఆ రంగుకు తగ్గ కళ్లద్దాలు పెట్టుకోండి. పుంజాన్ని అమర్చేటప్పుడు వాచీ, ఉంగరాలు తీసేయండి. లేజర్ ఆన్‌లో ఉండగా ఐపీస్‌లోంచి ఎప్పుడూ చూడకండి. వీలైతే ఐపీస్‌లు తీసేసి మూత బిగించండి, పూసను కెమెరా ద్వారా స్క్రీన్ మీదే చూడండి.