వానపాము చస్తే నట్టల మందు దొరికినట్టేనా?

వాయువిడంగాలు, మోదుగ గింజలు కడుపులోని పురుగులను పోగొడతాయని ఆయుర్వేదం ఏనాటి నుంచో చెబుతోంది. ఆ మాటను నిగ్గుతేల్చడానికి మన ఫార్మసీ కళాశాలల్లో తరచుగా వాడే జీవి వానపాము. మొక్క భాగాన్ని ఎండబెట్టి, పొడి చేసి, నీటిలోనో ఆల్కహాల్‌లోనో సారం తీసి, ఆ ద్రావణంలో వానపాములను వదులుతారు. అవి ఎంతసేపటికి చచ్చుబడ్డాయో, ఎంతసేపటికి చచ్చాయో రాసుకుని, పిపెరజైన్ లేదా ఆల్బెండజోల్ అనే నట్టల (కడుపు పురుగుల) మందు ఫలితంతో పోలుస్తారు.

ఈ పద్ధతికి ఖర్చు తక్కువ, వానపాములు ఎక్కడైనా దొరుకుతాయి. అయితే వానపాము పరాన్నజీవి కాదు, ఏలికపాముకు దగ్గరి చుట్టమూ కాదు. అది చర్మంతోనే ఊపిరి పీల్చుకుంటుంది కనుక, చర్మాన్ని దెబ్బతీసే గాఢమైన ద్రావణం ఏదైనా దాన్ని చంపగలదు. ఏలికపాములకూ గొర్రెల నట్టలకూ ఒంటి మీద గట్టి పైపొర ఉంటుంది. పైగా పోలికకు వాడే పిపెరజైన్ పేగులోని పురుగును చంపదు, కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. పట్టు తప్పిన పురుగును పేగు కదలికలే బయటికి నెట్టేస్తాయి. అలాంటప్పుడు చావు సమయాల పట్టికకు అంత ప్రాధాన్యం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇంతకంటే నమ్మదగిన పరీక్ష గొర్రెల నాలుగో పొట్టలో రక్తం తాగే హీమాంకస్ అనే నట్టతో చేసేది. దీని ఆడపురుగు రోజుకు వేలల్లో గుడ్లు పెడుతుంది. పెంటికల నుంచి ఆ గుడ్లను వేరుచేసి, వేర్వేరు మోతాదుల సారంలో సుమారు 48 గంటలు ఉంచి, ఎన్ని పొదిగాయో లెక్కిస్తారు. ఇక్కడ నెగ్గిన సారం కూడా గొర్రె కడుపులో ఓడిపోవచ్చు, ఎందుకంటే మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విరిచేయవచ్చు, లేదా అది కడుపు ద్రవాల్లో పలచబడి చాలకపోవచ్చు. అందుకే జీవాలకు నిజంగా తాగించి, 10 నుంచి 14 రోజుల తర్వాత పేడలో గుడ్లు ఎంత తగ్గాయో, మందు తాగని జీవాలతో పోల్చి చూడాలి.

ఇంత శ్రమ పడటానికి కారణం ఉంది. ఆల్బెండజోల్ పురుగు కణాల్లోని ట్యూబులిన్ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఆ ప్రోటీన్ జన్యువు మారిన నట్టల మీద మందు పనిచేయడం లేదు, అందుకే కొత్త మందుల కోసం వెతకాల్సి వస్తోంది. బొప్పాయి పాలలోని ఎంజైములు పురుగు పైపొరనే అరగదీస్తాయి కాబట్టి పరిశోధకులకు వాటిపై ఆసక్తి. అయినా మొక్క నుంచి వచ్చింది కదా అని భద్రత గురించి ధీమా పడలేం. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో కొంకిపురుగులకు విరివిగా ఇచ్చిన చీనోపోడియం నూనె పురుగులను బాగానే తరిమింది. కానీ పురుగును తరిమే మోతాదుకూ మనిషికి విషమయ్యే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ కావడంతో కొందరు రోగులు చనిపోయారు, మెరుగైన మందులు రాగానే దాని వాడకం తగ్గిపోయింది.