జులూస్ వాయిదా వెనక కథ

2023 సెప్టెంబర్ 28. హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం, మిలాద్‌ ఉన్‌ నబీ (ప్రవక్త పుట్టినరోజు) ఒకే రోజు పడ్డాయి. మిలాద్ కమిటీ పెద్దలు తమ జులూస్‌ను, అంటే ఊరేగింపును, అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. 2024లో మిలాద్ మర్నాడే నిమజ్జనం. జులూస్ మళ్లీ సెప్టెంబర్ 19కి వెళ్లింది. 2025లోనూ ఇదే వరస.

తేదీలు ఇలా ఢీకొనడంలో ఎవరి పన్నాగమూ లేదు, అంతా చంద్రుడి లెక్క. ముస్లింల హిజ్రీ క్యాలెండర్‌లో అధికమాసం ఉండదు, ఏటా 10, 11 రోజులు ముందుకొచ్చేస్తుంది. తెలుగు పంచాంగంలో దాదాపు మూడేళ్లకోసారి అధికమాసం వచ్చి చవితిని వర్షాకాలం దాటిపోకుండా పట్టి ఉంచుతుంది. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం. ఆ మధ్య మూడేళ్లూ చవితి వచ్చే భాద్రపదం, మిలాద్ వచ్చే రబీ ఉల్ అవ్వల్ జంటగా నడిచాయి.

పండగలు ఎదురుపడటం పాతబస్తీకి కొత్త కాదు. మొహర్రంకి డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం (పవిత్ర పతాకం) ఏనుగు మీద బయల్దేరుతుంది. బోనాలకి హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటమూ ఏనుగు మీదే. చాలా ఏళ్లు ఈ రెంటికీ జూపార్కు ఏనుగు రజనే దిక్కు. గుడికి పేరిచ్చిన ఆ అన్నదమ్ములేమో షియా ముస్లిం సుల్తాను తానీషా కొలువులో అధికారులు.

ఊరేగింపంటే గుండె దడ తర్వాతి కాలపుది. 1980ల్లో వీధి వినాయకులంతా కలిసి ఒకే భారీ శోభాయాత్రగా చార్మినార్ మీదుగా సాగడం మొదలైంది. జులూస్‌లూ పెరిగాయి. భక్తి కన్నా బలం చూపించుకోవడం ఎక్కువైంది (రెండు వైపులా, మొహమాటం ఎందుకు). 1990 డిసెంబర్ అల్లర్లకు కారణం ఊరేగింపు కాదు గానీ, వందకు పైగా ప్రాణాలు పోయాయి. కర్ఫ్యూ సడలించే గంట కోసం పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్లు ఆ గల్లీల్లో ఇంకా ఉన్నారు. వాయిదా నిర్ణయాన్ని ఆ కళ్లతో చూడాలి.

మిలాద్ ప్రార్థనలు ఆ రోజే జరిగాయి, ఇళ్లలో, మసీదుల్లో. వాయిదా పడింది రోడ్డెక్కే కార్యక్రమం ఒక్కటే. విశ్వాసానికి లోటు రాకుండా పక్కవాడికి దారి ఇవ్వడమంటే ఇదే.

అయితే మూడుసార్లూ సర్దుకున్నది ఒకే వైపు. నిమజ్జనం తేదీ మార్చడం కష్టమే, అనంత చతుర్దశికి ముడిపడింది, క్రేన్లూ లారీలూ ముందే మాట్లాడుకుని ఉంటారు. కానీ మండపం మైకులో ఒక్క షుక్రియా చెప్పడానికి ముహూర్తం అక్కర్లేదు.